చుట్టం పళ్ళెం

సత్తు పళ్ళెం వాకిట్లో పడి, గుండ్రంగా తిరిగి తిరిగి, చివరికి కుళాయి గద్దె దగ్గర ఆగింది. జొన్నరొట్టె ముక్క ఒక పక్కకు, ఉప్పు ఒక పక్కకు చెదిరిపోయాయి. లోటాలోని నీళ్ళు ఎండకు కాలుతున్న గచ్చు మీద పడ్డాయో లేదో, తడి కూడా మిగల్లేదు.

విసిరింది తేజస్వి. ఆరో నెల కడుపుతో, ఒక చేత్తో తలుపు పట్టుకుని ఆయాసపడుతూ నిలబడింది. ప్రేమ్‌సాగర్‌ను ఇష్టపడి చేసుకుని ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల గట్టిగా తలుపు వేయడం కూడా ఆడపడుచు ప్రియదర్శిని ఎరగదు. అలాంటిది ఇవాళ ఏకంగా పళ్ళేన్నే ఎత్తి పారేసింది.

తల్లి సంగమ్మ కోడలిని తిడుతుందని ప్రియదర్శిని ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది. పెద్దామె కళ్ళు పళ్ళెం వంక పోలేదు, కోడలి వంకా పోలేదు. గుమ్మం దగ్గర్నుంచి మెల్లగా వంటింటి వైపు, అక్కడి నుంచి లోపలి గది వైపు కదిలాయి. ఎవరో లేచి నడిచిపోతుంటే వెనకనుంచి చూస్తున్నట్టు ఉంది ఆ చూపు.

"తింటుంటే లేపినవ్ గదనే," అంది చివరికి, గొంతు బాగా తగ్గించి. "ఎటు పోయిందో ఏమో."

"ఎవరు అత్తయ్యా? ఎవరు తింటుంటే లేపాను?"

సంగమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"పేరు చెప్పండి. ఈ ఇంట్లో ఒక్కరైనా ఆ మాట పైకి అనండి. పోనీ నేనంటాను. నొప్పి. నా మొగుడికి కాలు నొప్పి. ఇదిగో, అన్నాను. ఏమైంది?"

"నువ్వంటే ఏం గాదు. నేనన్నా ఏం గాదు. మనిద్దరం బయిటి నుంచి వచ్చినోళ్ళం, ఆ రక్తం గాదు." సంగమ్మ ఆగి, కోడలి పొట్ట వంక చూసింది. "లోపల ఉన్నది మాత్రం ఆ రక్తమే. నువ్వన్నది అది ఇంటది."

తేజస్వి చేయి దానంతటది పొట్ట మీదికి పోయింది. మరుక్షణం ఆ పిల్లకే సిగ్గేసినట్టుంది, తీసేసింది. విసవిసా లోపలికి వెళ్ళిపోయింది.

పొద్దున దవాఖానలో జరిగిందే ఇంత రభసకు మూలం. ఎముకల డాక్టరు ఎక్స్‌రే బొమ్మను వెలుగుకు ఎత్తిపట్టి, ప్రేమ్‌సాగర్ తొడ ఎముకకు బయటి అంచున సన్నటి గీత ఒకటి చూపించాడు. "ఇది పాత గీతో కొత్తదో బొమ్మ ఒక్కటే చూసి చెప్పలేను, మీరే చెప్పాలి. నొప్పి ఉంటే ఎముక పగులుతోందన్నమాట. ఆలస్యం చేయకుండా పట్నం వెళ్ళి లోపల కడ్డీ వేయించుకోవాలి. లేదంటే నడుస్తూ నడుస్తూనే రెండుగా విరుగుతుంది. మీ జబ్బుకు అలా విరిగితే అతకడం చాలా కష్టం. నొప్పి లేకపోతే భయం లేదు, నెల తర్వాత రండి. చెప్పండి, నొప్పి ఉందా?"

ప్రేమ్‌సాగర్ నవ్వాడు. "అస్సలు లేదు సర్," అన్నాడు.

అంటున్నప్పుడు కుర్చీ చెయ్యి పట్టుకున్న అతని వేళ్ళు తెల్లబడ్డాయి. తేజస్వి చూసింది. ప్రియదర్శినీ చూసింది. చూసి, నేల చూపులు చూస్తూ ఊరుకుంది.

ఆ జబ్బుకు పొడుగాటి ఇంగ్లీషు పేరుంది, తేజస్వికి నోటికి వచ్చు. తండ్రి సాయన్న నుంచి పిల్లలిద్దరికీ వచ్చింది. పుట్టుకతోనే ఎముక పలచన, కంటి తెల్లగుడ్డులో నీలి ఛాయ, వయసు వచ్చేకొద్దీ చెవి మందగించడం. అక్కకూ తమ్ముడికీ ఎడమ చెవే పోయింది. పుట్టబోయే బిడ్డకు వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు, సగానికి సగం అన్నారు డాక్టర్లు.

సంగమ్మకు ఆ ఇంగ్లీషు పేరుతో పనిలేదు. న్యాల్‌కల్ దిక్కు మనిషైన ఆమె అత్త కొత్త కోడలికి వంటిల్లు అప్పజెప్పిన రోజునే ఒక పద్ధతి కూడా అప్పజెప్పింది. ఎముక బాధ లేచినప్పుడు ఆ రక్తంలో పుట్టినవాళ్ళు దాని పేరు పైకి అనకూడదు. అంటే అది వింటుంది. విని, ఈ మనిషిని వదిలి అదే రక్తంలో ఇంకొకరిని పట్టుకుంటుంది. అందుకని 'చుట్టం వచ్చింది' అని మాత్రమే అనాలి. చుట్టానికి పళ్ళెంలో రొట్టె ముక్క, చిటికెడు ఉప్పు, లోటాలో నీళ్ళు పెట్టాలి. ఎదురుగా ఎవరూ కూర్చోకూడదు. తిని, దాని దారిన అది పోతుంది. ఆ రక్తంవాళ్ళు ఎవరైనా పొరపాటున ఆ పళ్ళెంలోది నోట్లో పెట్టుకున్నారా, చుట్టం ఇక వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.

ఆదివారం ఆదివారం చర్చికి పోయే ఇల్లే అది. పాస్టర్ పీటర్ గారు ఒకసారి చూసి, ప్రార్థన ఉండగా పళ్ళెం ఎందుకమ్మా అని మందలించారు. సంగమ్మ బుద్ధిగా తల ఊపింది. మర్నాటి నుంచి పళ్ళేన్ని గుమ్మం ఎదుట నుంచి తలుపు చాటుకు జరిపింది. పాస్టర్ గారు సాధించింది అంతే.

ప్రియదర్శిని వాకిట్లోకి వెళ్ళి పళ్ళెం తీసింది. రొట్టె ముక్క జామచెట్టు కింద గచ్చు మీద పడి ఉంది. ఆ చోట మెతుకు రాలితే చాలు, చీమలు బారులు కడతాయి. ఇప్పుడూ బారు ఉంది. రొట్టె దాకా నేరుగా వచ్చి, దానికి జానెడు దూరంలో పక్కకు తిరిగి, చుట్టూ పోయి, మళ్ళీ అవతల నేరుగా సాగుతోంది. ఒక్క చీమ కూడా ముక్కను ముట్టడం లేదు. గచ్చు కాలుతోంది కదా, అందుకే అనుకుని ఆమె లోపలికి వచ్చేసింది. చీమలు నడుస్తున్నది ఆ గచ్చు మీదే కదా అన్న సంగతి మెట్టెక్కాక తోచింది. వెనక్కి తిరిగి చూడబుద్ధి కాలేదు.

కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయి ఇల్లంతా ఉక్కగా ఉంది. లోపలి గదిలో ప్రేమ్‌సాగర్ గోడ వైపు తిరిగి మంచం మీద పడుకుని ఉన్నాడు. మంచి చెవి దిండులో అదిమి, వినపడని చెవి పైకి పెట్టుకున్నాడు. అలా పడుకున్నవాడి పక్కన టపాకాయ పేల్చినా తెలియదు. ప్రియదర్శినికి తెలుసు. ఆమె పడుకునేదీ అలాగే.

గుమ్మంలోనే నిలబడింది. ఇంకా పిలవలేదు.

"ఆఁ, ఇంటున్న," అన్నాడు ప్రేమ్‌సాగర్.

ఆమె వెళ్ళి భుజం తట్టింది. అతను ఉలిక్కిపడి ఇటు తిరిగాడు.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ తమ్మీ?"

"నీతోనే. నువ్వు పిల్వలే?"

"నేను పిల్వలే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతనే ముందు చూపు తిప్పుకున్నాడు.

"కాలు జూడనియ్యి," అంది ఆమె.

"ఏమున్నదక్కా జూసుడు."

ఆమె దుప్పటి తొలగించి తొడ మీద అరచేయి ఆనించింది. పైకి ఏమీ లేదు. లోపల మాత్రం వెచ్చగా ఉంది. ప్రేమ్‌సాగర్ కదల్లేదు, మొహం చిట్లించలేదు. ఊపిరి మాత్రం ఆపాడు. ఆమె చేయి తీసేదాకా ఆపే ఉంచాడు. ఈ విద్యలో ఆ ఇంట్లో వాళ్ళిద్దరినీ మించినవాళ్ళు లేరు.

"డాక్టర్ సాబ్ అడిగితే ఎందుకు చెప్పలే?"

"నువ్వెందుకు చెప్పలే?"

ఆమె దుప్పటి మళ్ళీ కప్పింది.

"తేజు కడుపుతోని ఉన్నది," అన్నాడు అతను. "నీ ముంజెయ్యి ఇప్పుడిప్పుడే అతికింది. నేను నోరు ఇప్పితే ఎవల మీదికి పోతదో నీకు ఎర్కలేదా? నాయిన సంగతి జూసినంక గూడ గిట్లెట్ల అడుగుతవక్కా?"

సాయన్న సంగతి. ఆ ఇంట్లో గోడలకు కూడా తెలిసిన సంగతి, ఎవరూ పైకి అనని సంగతి. ప్రేమ్‌సాగర్ అప్పుడు ఏడేళ్ళవాడు. మంచం మీది నుంచి దొర్లి పడి చేయి విరగ్గొట్టుకున్నాడు. పసివాడు, ఆగలేకపోయాడు. నొస్తున్నది నాయినా, నొస్తున్నది అని గల్లీ అంతా వినపడేలా ఏడ్చాడు. సాయన్న కొడుకును ఎత్తుకుని దవాఖానకు పోయి, పట్టీ కట్టించి, తెచ్చి పక్కలో పడుకోబెట్టుకున్నాడు. తెల్లారి చిరాగ్‌పల్లి దిక్కు పెద్ద రోడ్డు మీద లారీ కింద పడి చనిపోయాడు. పిల్లగాడు పేరు పెట్టి పిలిచిండు, అది ఇని తండ్రిని పట్టుకపోయింది అన్నారు చుట్టుపక్కల ఆడవాళ్ళు, శవం పక్కనే కూర్చుని. పిల్లవాడు విన్నాడు. ఆ తర్వాత ఎన్ని ఎముకలు విరిగినా వాడి నోటి వెంట ఆ మాట రాలేదు. ఎంత ఓపిక పిల్లవాడో అని దవాఖానలో నర్సులు మెచ్చుకునేవారు.

"పో అక్కా, కుట్టుకో. ఎవలదో బ్లౌజ్ ఇయ్యాలంటివి గదా," అని ప్రేమ్‌సాగర్ మళ్ళీ గోడ వైపు తిరిగాడు. మంచి చెవి దిండులోకి పోయింది.

వెనక వరండాలో మిషను ముందు కూర్చుందే గానీ ప్రియదర్శిని సూదిలోకి దారం కూడా ఎక్కించలేదు. తేజస్వి వచ్చి మెట్టు మీద కూర్చుంది. మొహం కడుక్కుని వచ్చింది, కళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

"నాన్నకు ఫోన్ చేశాను వదినా," అంది. తేజస్వి తండ్రి దుర్గాప్రసాద్‌ది కోస్తా, ఊరి బయట ఫ్యాక్టరీలో ఉద్యోగం, అక్కడే క్వార్టర్. "ఆరింటికి కారు పంపుతారు. ప్రేమ్ నొప్పి ఉందని చెబితే ఆ కారులో ఇద్దరం పట్నం పోతాం. అక్కడ పెద్ద డాక్టర్‌తో మాట్లాడేశాను. చెప్పకపోతే, నేనొక్కదాన్నే నాన్న దగ్గరికి పోతాను."

"గట్లనకు. జర ఓపిక పట్టు."

"ఓపిక పట్టీ పట్టీ కదా వదినా ఎముక పగిలేదాకా వచ్చింది."

ప్రియదర్శిని తల దించుకుంది.

"నేనేం చేయను మీరే చెప్పండి. ఎత్తుకుపోలేను. అక్కడ డాక్టర్ అడిగితే మళ్ళీ నవ్వుతూ లేదంటాడు. లేదు లేదంటున్న మనిషికి తొడ కోసి కడ్డీ ఎవరు వేస్తారు?" తేజస్వి పొట్ట మీద చేయి వేసుకుంది. "రేపు నా బిడ్డ పడి దెబ్బ తగిలితే, ఏడవకమ్మా, నువ్వేడిస్తే మీ నాన్న చచ్చిపోతాడు అని నేర్పిస్తారా? నేను ఉండను. నాకు ప్రేమ్ కావాలి, కానీ నేను ఉండను."

వాకిట్లో జామచెట్టు మీద ఏదో పిట్ట రెక్కలు కొట్టుకుని ఊరుకుంది.

"మీ నాన్నగారి సంగతి ప్రేమ్ నాకు పెళ్ళికి ముందే చెప్పాడు," అంది తేజస్వి. "మా నాయినను నేనే చంపిన అన్నాడు. నవ్వుతూ అన్నాడు వదినా. ఏదో తమాషాకి అంటున్నాడనుకున్నాను."

ప్రియదర్శిని గుడ్డ మడత విప్పింది, మళ్ళీ మడిచింది.

"మీకూ ఉంటుందా నొప్పి?"

ఆ ఇంట్లో ఆమెను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. అడిగితే ఏం చెప్పాలో కూడా ఆమెకు తెలియదు. "అల్వాటే," అంది.

"అలవాటు సంగతి నేను అడగలేదు."

ప్రియదర్శిని మిషను చక్రాన్ని ఊరికే ఒక చుట్టు తిప్పింది. తేజస్వి ఇంకా ఒక మాట అనాలా వద్దా అన్నట్టు కాసేపు చేతులు పిసుక్కుంది.

"ఇంకోటి ఉంది. ఈ మధ్య ప్రేమ్ ఎవరికో జవాబు చెబుతున్నాడు. నిద్రలో కాదు, పట్టపగలు, కళ్ళు తెరుచుకుని. ఆగు, ఇంక కొన్ని దినాలు ఆగు అంటాడు. ఎవరిని ఆగమంటున్నావు అంటే మాట మార్చేస్తాడు. తను పనిచేసే ఫ్లెక్సీల షాపులో కూడా అంటున్నాడట. అక్కడి రాజేశ్వర్ అన్న చెప్పాడు. ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ డిజైన్ చేస్తూ చేస్తూ ఆగిపోయి, పక్కకు తల వంచి, వస్తలే అన్నాడట. ఆ పక్కన ఎవరూ లేరట."

"ఏ పక్కకు?" అంది ప్రియదర్శిని.

"ఏంటి?"

"ఏ పక్కకు వంచిండు తల?"

తేజస్వి ఆలోచించింది. "ఎడం పక్కకట. ఎందుకు?"

ప్రియదర్శిని ఏమీ లేదంది. అంత ఉక్కలోనూ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మరదలు చూడకుండా చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుందామనుకుంది గానీ, తేజస్వి చూడనే చూసింది.

పొద్దు వాలింది. కరెంటు రాలేదు. తలుపు చాటున చీకటి ముందుగానే చేరింది. సంగమ్మ కొత్తగా రొట్టె కాల్చింది. ఈసారి ముక్క కాదు, నిండు రొట్టె. మధ్యలో లేపిన చుట్టానికి సగం పెడితే ఎట్లా అనుకుందేమో. పళ్ళెం తోమి, ఉప్పు వేసి, నీళ్ళు పెట్టి, తలుపు చాటున నేల తుడిచి మరీ పెట్టింది. పెట్టి, ఎప్పటిలాగే మొహం తిప్పుకుని లేవబోయింది.

ప్రియదర్శిని వచ్చి పళ్ళెం ముందు కూర్చుంది.

"లే బిడ్డా," అంది సంగమ్మ. "అది కూసునే జాగ అది."

"కూసోనీ. నేను గూడ తింట."

"ప్రియా."

ప్రియదర్శిని రొట్టె తుంచి ఉప్పులో అద్దింది. సంగమ్మ వంగి ఆ ముంజెయ్యి గభాలున పట్టుకుంది, వెంటనే వదిలేసింది. ఆ చేతిని గట్టిగా పట్టుకుంటే ఏమవుతుందో ఆమెకు తెలియంది కాదు. వదిలేసిన చేయి నోటిదాకా పోయింది.

లోపలి గది తలుపు తెరిచే ఉంది. మంచం మీది నుంచి ప్రేమ్‌సాగర్ చూస్తున్నాడు. "అక్కా, ఉమ్మెయ్," అన్నాడు. "అక్కా, నీ కాల్మొక్త, ఉమ్మెయ్."

ఆమె నమలడం ఆపలేదు. నమ్మే తిన్నదా అంటే చెప్పడం కష్టం. నమ్మకపోతే చేయి అంతలా వణకదు. నమ్మితే మింగుడు పడదు. ఆమె చేయి వణికింది, ముద్ద మింగింది. ఇంకో ముక్క తుంచింది. అదీ మింగింది. వంటింటి గుమ్మంలో తేజస్వి నిలబడి ఉంది. ఇదేం పిచ్చి అని అనడానికి నోరు తెరిచి, ఏం తోచిందో, మూసుకుంది.

పళ్ళెం ఖాళీ చేసి, లోటాలోని నీళ్ళు తాగి, ప్రియదర్శిని లేచింది. నెమ్మదిగా నడిచి తమ్ముడి మంచం అంచున కూర్చుంది.

"అయిపోయింది తమ్మీ. అమ్మ చెప్పిన తీరే గదా. ఆ పళ్ళెంలది నేను తిన్న. ఇగ చుట్టం నా దగ్గర్నే ఉంటది. తేజు కడుపుల బిడ్డ దిక్కు పోదు. ఎవల మీదికి పోతదో అని నీకు ఫికర్ వద్దు. ఎటు పోతదో ఎర్కే అయిపాయె. ఇప్పుడు చెప్పు."

"అక్కా, గిట్లెందుకు జేసినవ్..."

"చెప్పు."

బయట గల్లీ మొదట్లో కారు ఆగిన చప్పుడయింది. తేజస్వి కదల్లేదు.

ప్రేమ్‌సాగర్ పెదవులు ఆడాయి. మాట రాలేదు. అన్నేళ్ళుగా వాడని మాట, దారి మర్చిపోయినట్టుంది. మళ్ళీ ప్రయత్నించాడు.

"నొస్తున్నది," అన్నాడు.

చిన్నగా అన్నాడు. ఏడేళ్ళ పిల్లవాడి గొంతులా ఉంది. తర్వాత ఇక ఆగలేదు.

"నొస్తున్నదక్కా. దసరా సంది నొస్తున్నది. బండి స్టాండ్ ఏస్తుంటే నొస్తది. కూసుంటే నొస్తది, లేస్తే నొస్తది. పొద్దుగాల మంచం దిగాల్నంటే భయమైతది. తేజు చెయ్యేస్తే గూడ నొస్తది, తీసెయ్ అంటే బాధపడ్తదని ఊకుంట. నొస్తున్నది."

తేజస్వి వచ్చి అతని తల తన పొట్టకు ఆనించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ప్రియదర్శిని కూర్చున్న చోటనే ఉండి ఇల్లంతా చెవి ఒగ్గి వింది. ఏమీ కాలేదు. ఎక్కడా ఏమీ పడలేదు, ఎవరూ అరవలేదు. ఆమె కాళ్ళూ చేతులూ ఎప్పుడూ ఎంత లాగుతాయో అంతే లాగుతున్నాయి.

"పద," అంది తేజస్వి కళ్ళు తుడుచుకుంటూ. "ఇదే మాట అక్కడ డాక్టర్‌తో చెప్పు. చాలు. కారు వచ్చింది."

ప్రేమ్‌సాగర్ లేవలేదు.

"అది గాదు," అన్నాడు.

"ఏది కాదు?"

"కాలు గాదు. కాలు ఎట్లనన్న ఓర్సుకుంట." అతను తేజస్వి వంక చూడకుండా అక్క వంక చూశాడు. "గీ ఎడమ చెవుల అక్కా. ఏది ఇనరాని చెవుల. అది పిలుస్తది. పోదాం దా అంటది. బెదిరించదు, సొంతోళ్ళు పిల్చినట్టే పిలుస్తది. నువ్వు పోతే ఇంట్ల అందరికి నిమ్మళమైతది అంటది. నేను పోతే చుట్టం గూడ నాతోనే పోతది గదా, ఇగ ఎవల జోలికి రాదు గదా అనుకున్న. ఆగుమన్న. బిడ్డను ఒక్కపారి జూసి వస్త అన్న."

అతని జుట్టులో తేజస్వి వేళ్ళు ఆగిపోయాయి.

"ఇది కూడా చెబుదాం," అంది కాసేపటికి. గొంతు ఎక్కడి నుంచో వస్తున్నట్టుంది. "డాక్టర్‌కి ఇది కూడా చెబుదాం ప్రేమ్. కాలి కంటే ముందు ఇదే చెబుదాం. నువ్వు ఎక్కడికీ పోవు."

ప్రియదర్శినికి ఆ మాటలు దూరం నుంచి వినపడుతున్నాయి. పోదాం దా. ఆ రెండు మాటలే. ఆ నెమ్మదే. ఎన్నాళ్ళ నుంచో, మిషను ముందు కూర్చున్నప్పుడు, చర్చిలో అందరూ పాడుతున్నప్పుడు, మంచి చెవి దిండుకు అదిమి పడుకున్నప్పుడు ఆమె వింటున్నవి. అది తన ఒక్కదాని పిచ్చి అనుకుంది. తను తప్ప లోకంలో ఎవరికీ వినపడదనుకుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు. కొన్ని సాయంత్రాలు వెళ్ళిపోవాలని కూడా అనిపించింది.

"నన్ను గూడ పిలుస్తది," అంది.

ప్రేమ్‌సాగర్ మోచేతి మీద లేచాడు. "అదే మాట?"

"అదే మాట."

ఆ చీకటి గదిలో అక్కాతమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు వెతుక్కున్నారు. భయం వేయాల్సిన చోట ప్రియదర్శినికి ఏడుపు వచ్చింది. ఇంతకాలం ఒకే గోడకు అటూ ఇటూ పడుకుని ఇద్దరూ విన్నది ఒకటే.

గుమ్మం దగ్గర ఏదో జారిన చప్పుడైంది. సంగమ్మ గోడకు ఆనుకుని కింద కూలబడి ఉంది. ఆమె మొహం ఎవరికీ కనపడటం లేదు.

"మీ నాయినను గూడ గట్లనే పిలిచింది," అంది.

ప్రియదర్శిని తల్లి వైపు తిరిగింది.

"నాకు చెప్పిండు. శాన దినాల సంది పిలుస్తున్నది సంగమ్మా, ఇగ నాతోని గాదు, రేపు పొద్దుగాల పోత అన్నడు. నేను నోరు మూసుకో అన్న. ఎవలకు చెప్పకు, పేరు ఎత్తకు అన్న. పళ్ళెం పెట్టిన. ఆ పొద్దుగాల ఆయన చెప్పులేసుకుని వాకిట్లకు పోయిండు. అప్పుడే నువ్వు మంచం మీదికెళ్ళి కింద పడ్డవ్."

ప్రేమ్‌సాగర్ అప్పుడు విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"నువ్వు మొత్తుకున్నవ్. ఆయన ఇన్నడు. చెప్పులిడిచి ఎనుకకు ఉరికొచ్చిండు. నిన్ను ఎత్తుకుని దవాఖానకు పోయిండు. ఆ దినమంతా నీ పక్కకెళ్ళి లేవలే. నీ మొత్తుకునుడుకు ఆ ఒక్క దినం ఆగిండు బిడ్డా. తెల్లారి నువ్వు నిద్రపోతున్నవ్. ఏడ్వలే. అప్పుడు పోయిండు."

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ వినిపించుకోలేదు.

"మరి అందరు నన్ను అంటుంటే," అన్నాడు ప్రేమ్‌సాగర్, ఒక్కో మాటే కూడదీసుకుంటూ. "నాయిన పక్కకు కూసోని అందరు నన్ను గట్ల అంటుంటే నువ్వు ఆడనే ఉన్నవ్ గదమ్మా. ఎందుకు చెప్పలే?"

సంగమ్మ నోరు తెరిచింది. చాలాసేపు తెరిచే ఉంది. మాట మాత్రం రాలేదు.